హెల్మెట్ తియ్యని కుర్రాడు

ఉత్తరాన మంచుకొండల నడుమ ఒక పెద్ద గొయ్యి ఉంది. రెండు వేల ఏళ్ళ కిందట ఆకాశం నుంచి జెనోవా అనే ప్రాణి వచ్చి పడినప్పుడు భూమికి తగిలిన గాయమది. ఇంకా మానలేదు. నల్ల ముసుగులు కప్పుకున్న మనుషులు సోయి లేకుండా, కాళ్ళీడ్చుకుంటూ అక్కడికి వచ్చి ఒక్కొక్కరే రాలిపోయారు. వాళ్ళ ఒంటి మీద పచ్చబొట్టు పొడిచిన నంబర్లున్నాయి. వాళ్ళందరూ రాలిపోయాక కూడా ప్రాణంతో అక్కడికి చేరిన ఒక కుర్రాణ్ణి చూసి ప్రొఫెసర్ హోజో పొంగిపోతాడు. ప్రయోగం ఫలించిందనుకుని, నీ నంబరెంత అని అడుగుతాడు. కుర్రాడికి నంబరు లేదు. తనకూ ఒకటి వెయ్యమని ఆ ప్రొఫెసర్‌నే బతిమాలుకుంటాడు. ఇక్కడిదాకా వచ్చింది పనికిరానివాడొక్కడేనా అని హోజో చీదరించుకుంటాడు.

బతిమాలుకుంటున్నవాడే కథానాయకుడు, క్లౌడ్ స్ట్రైఫ్. అప్పటికి పదుల గంటలుగా మనం అతని కాళ్ళతో నడుస్తున్నాం, అతని కత్తితో కొడుతున్నాం. ఎవరినీ ఏమీ అడగని మనిషి, ఎవరి గొడవా తనకి పట్టదన్న మనిషి, చివరికి అడిగింది ఒక నంబరు.

‘ఫైనల్ ఫాంటసీ 7’ను స్క్వేర్ కంపెనీ 1997 జనవరి 31న జపాన్‌లో ప్లేస్టేషన్ కోసం విడుదల చేసింది. మూడు డిస్కుల ఆట. దర్శకుడు యోషినోరి కితాసే, కథ రాసింది కితాసే, కజుషిగె నోజిమా. పాత్రల రూపాలు తెత్సుయా నొమురా గీశాడు. నిక్కబొడుచుకున్న బంగారు రంగు జుట్టు, మనిషంత కత్తి, నవ్వని మొహం. ఆ తర్వాత పాతికేళ్ళుగా ఆటల్లో కనిపిస్తున్న ముభావపు వీరుల్లో చాలామంది ఆ బొమ్మకి వారసులే. కత్తినీ, ముడిపడిన కనుబొమల్నీ తీసుకున్నవాళ్ళు ఆ మొహం వెనకున్న సిగ్గును మాత్రం వదిలేశారు. నన్ను ఏడిపించేది ఆ సిగ్గే.

మిడ్‌గార్ నగరంలో షిన్రా అనే కరెంటు కంపెనీదే రాజ్యం. భూమి ప్రాణాన్ని రియాక్టర్లతో తోడి, మాకో అని పేరు పెట్టి అమ్ముకుంటుంది. కలిగినవాళ్ళు ఇనుప అంతస్తు మీద, లేనివాళ్ళు దాని కింద ఎండ సోకని వాడల్లో. ఆ కంపెనీ మీద తిరగబడిన అవలాంచ్ ముఠాకి క్లౌడ్ కిరాయి మనిషి. ఒకటో నంబరు రియాక్టర్‌ను పేల్చినందుకు కూలి 1,500 గిల్. భూమి చచ్చిపోతోందని ముఠా నాయకుడు బారెట్ గొంతు చించుకుంటుంటే, క్లౌడ్‌కి కావలసిందల్లా కాపలావాళ్ళు రాకముందే పని తెమలడం. పక్కన నడుస్తున్నవాళ్ళ పేర్లు కూడా అక్కర్లేదంటాడు. తన గురించి చెప్పుకునే మాట ఒక్కటే: ఒకప్పుడు షిన్రావారి సోల్జర్ దళంలో ఫస్ట్ క్లాస్ వీరుణ్ణని.

ఆ పొగరు ఆడేవాళ్ళకి నచ్చుతుంది. చేతిలో కంట్రోలర్ ఉన్న ప్రతి పదహారేళ్ళవాడికీ తాను అలా ఉండాలనిపిస్తుంది. నచ్చాలనే అలా రాశారు కూడా.

మిడ్‌గార్ దాటాక కామ్ అనే ఊరి సత్రంలో క్లౌడ్ తోటివాళ్ళని కూర్చోబెట్టి తన గతం చెబుతాడు. ఐదేళ్ళ కిందట మహావీరుడు సెఫిరోత్‌కి తోడుగా, సోల్జర్‌గా, పుట్టిన ఊరు నిబెల్‌హైమ్ వెళ్ళాడట. అక్కడి పాత బంగళాలో సెఫిరోత్ రోజుల తరబడి కాగితాలు చదివి, తన పుట్టుకే ఒక ప్రయోగమని తెలుసుకుని మతి తప్పాడట. ఊరు తగలబెట్టాడట. క్లౌడ్ తల్లి ఆ మంటల్లోనే పోయిందట. ఈ కథంతా ఆట మన చేత ఆడిస్తుంది. అక్కడే నిజం కూడా చెప్పేస్తుంది, మనమే వినం. కొండదారిలో డ్రాగన్ ఎదురైనప్పుడు తెర మీద చూడండి: సెఫిరోత్ లెవెల్ 50. ఫస్ట్ క్లాస్ వీరుణ్ణంటున్న క్లౌడ్ లెవెల్ 1. ఒక్క దెబ్బకి కూలిపోతాడు, సెఫిరోత్ మళ్ళీ లేపుతాడు. మాటలు బొంకినా అంకెలు బొంకలేదు. ఊరికి వెళ్ళే లారీలో కాల్బలం సిపాయి ఒకడు కడుపులో తిప్పి ఒంగిపోయి ఉంటాడు. తనకెప్పుడూ ప్రయాణంలో అలా కాలేదని క్లౌడ్ అంటాడు. ఆ సిపాయి మొహం హెల్మెట్ లోపలుంది. ఎవడో అనామకుడిలెమ్మని ముందుకు పోతాం.

కథ వింటున్నవాళ్ళలో టీఫా కూడా ఉంది. క్లౌడ్ ఊరి పిల్లే. ఆ రోజు కొండ మీదికి దారి చూపించింది ఆమే. సెఫిరోత్‌తో వచ్చిన సోల్జర్ నల్లజుట్టువాడని, క్లౌడ్ కాదని ఆమెకి తెలుసు. అయినా నోరు విప్పదు. ఏళ్ళ తరవాత రైల్వే స్టేషన్లో తెలివి తప్పి దొరికిన మనిషి, ఒక్క ప్రశ్న అడిగితే మళ్ళీ ఎక్కడికి పోతాడోనన్న భయం ఆమెది. ఆ మౌనాన్ని తప్పు పట్టేవాళ్ళున్నారు. నా మనసొప్పదు.

ఇంకొకతె మాట్లాడింది. మిడ్‌గార్ వాడల్లో పూలమ్ముకునే ఏరిత్. ఆమె మొదట ప్రేమించిన కుర్రాడు కూడా సోల్జర్ ఫస్ట్ క్లాసే, తిరిగి రాలేదు. క్లౌడ్‌ని చూడగానే ఆమెకి గుండె ఝల్లుమనడానికి కారణం అదే. నడక వాడిది, చెయ్యి కదిపే తీరు వాడిది. మన ఎంపికలు ఆమె వైపు మొగ్గితే, గోల్డ్ సాసర్ అనే వినోదనగరంలో ఒక రాత్రి ఇద్దరూ గాల్లో తేలే పెట్టెలో కూర్చుంటారు. బయట బాణాసంచా. నీలో మొదట అతణ్ణే చూశానని ఆమె దాచకుండా ఒప్పుకుంటుంది. ఇప్పుడు వెతుకుతున్నది నిన్ను, నిన్ను కలుసుకోవాలనుంది అంటుంది. ఎదురుగానే ఉన్నానుగా అని క్లౌడ్ తెల్లబోతాడు. ఆ ఆటలో అంత జాలిగొలిపే సన్నివేశం ఇంకోటి లేదంటాను. ఏరిత్ చావు కూడా దీని తరవాతే.

ఆ చావుకి ముందు క్లౌడ్ చేతులు అతని మాట వినడం మానేస్తాయి. ప్రాచీనుల ఆలయం బయట, లోకాన్ని కూల్చే మీటియోర్‌ను రప్పించగల బ్లాక్ మెటీరియాను తన చేతులారా సెఫిరోత్‌కి ఇచ్చేస్తాడు. ఆపై ఏరిత్‌నే కొడతాడు. అప్పుడు మన కంట్రోలర్‌కి లొంగేది పక్కన నీడలా నిలబడిన చిన్ననాటి క్లౌడ్ మాత్రమే. వాడు చుట్టూ తిరగగలడు, ఏదీ ఆపలేడు. తరవాత మరచిపోయిన నగరంలో, నీళ్ళ మధ్య గద్దె మీద ప్రార్థనలో ఉన్న ఏరిత్ మీదికి క్లౌడ్ కత్తి లేస్తుంది. తోటివాళ్ళ కేకకి ఎలాగో ఆగుతుంది. ఆమె కళ్ళు తెరిచి నవ్వుతుంది. పైనుంచి దిగిన సెఫిరోత్ ఆమెను వెనక నుంచి పొడుస్తాడు. ఇక ఈమె మాట్లాడదు, నవ్వదు, ఏడవదు అని క్లౌడ్ అల్లాడుతుంటే, నీకూ మనసుందా అని సెఫిరోత్ ఎగతాళి చేస్తాడు. క్లౌడ్ ఆమెను ఎత్తుకుని నీళ్ళలోకి నడిచి వదిలేస్తాడు. మొదటి డిస్కు అయిపోతుంది.

మంచు గొయ్యిలో క్లౌడ్‌ని కూల్చడానికి సెఫిరోత్ ఆయుధం పట్టనక్కర్లేకపోయింది. కాలుతున్న నిబెల్‌హైమ్‌ను కళ్ళముందు నిలబెట్టాడు. ఊరి గేటులోంచి లోపలికొచ్చింది నల్లజుట్టు సోల్జర్. ఆనాడు తీయించుకున్న ఫోటో చూపించాడు. టీఫా, సెఫిరోత్, నల్లజుట్టువాడు. క్లౌడ్ లేడు. ఇది నిజం కాదని చెప్పమని టీఫా వైపు తిరిగితే, ఆమె చెప్పలేకపోయింది. సోల్జర్‌లో ఎప్పుడు చేరాను, ఎలా చేరాను అని తనలో తాను తవ్వుకుంటే ఏమీ తగల్లేదు.

కర్ణుడి చావుకి కారణాలనేకం అంటారు. క్లౌడ్ పతనానికి ఈ అబద్ధమొక్కటే. పరశురాముడి దగ్గర కర్ణుడు బ్రాహ్మణుణ్ణని తెలిసే అబద్ధమాడాడు. శాపం తగిలినా తానెవరికి ఏం చెప్పాడో ఎరుగును. క్లౌడ్ ఆడిన అబద్ధం క్లౌడ్‌కే తెలియదు. అది ఊడిపోయాక కింద నిలబడడానికి నేల లేదు. అందుకే అతను కోప్పడడు, ఏడవడు. నెమ్మదిగా అందరికీ క్షమాపణ చెప్పుకుంటాడు. ఎప్పటికైనా అసలు క్లౌడ్ నీకు కనపడాలని టీఫాతో అంటాడు. మళ్ళీ తన చేతులారానే బ్లాక్ మెటీరియాను సెఫిరోత్‌కి అందిస్తాడు. మీటియోర్ బయలుదేరుతుంది. భూమి చీలి, ప్రాణప్రవాహంలోకి, ఆటలో లైఫ్‌స్ట్రీమ్ అనే ఆ పచ్చని వెలుగులోకి, అతను జారిపోతాడు.

దక్షిణాన మిడీల్ అనే చిన్న ఊరి ఆస్పత్రిలో దొరుకుతాడు. చక్రాల కుర్చీలో, మెడ వాల్చి, మాట పడిపోయి. ఒంటి నిండా మాకో విషం. టీఫా అన్నీ వదిలేసి పక్కన కూర్చుంటుంది. మిగతావాళ్ళు తమలో ఒకడైన సిడ్‌ని నాయకుణ్ణి చేసుకుని సాగుతారు. మనమూ వాళ్ళతో పోవాల్సిందే. పార్టీ జాబితాలో క్లౌడ్ పేరుండదు. అతను లేకుండా ఆట నడుస్తుందని తెలిశాక కలిగే వెలితిని మాటల్లో పెట్టడం కష్టం.

మిడీల్ మీద ఒక రాక్షసాయుధం విరుచుకుపడి, నేల పగిలి, టీఫాతో సహా అతను మళ్ళీ అదే ప్రవాహంలో పడినప్పుడు, ఇద్దరూ కలిసి జ్ఞాపకాల పొరల్లో వెతుకుతారు. దొరికింది ఇదీ. ఊరి మధ్య నీళ్ళ ట్యాంకు దగ్గర ఒక రాత్రి, సెఫిరోత్ అంతటివాణ్ణవుతానని, నీకు ఆపద వస్తే వస్తానని మాటిచ్చిన కుర్రాడు. 14 ఏళ్ళకి మిడ్‌గార్ పోయాడు. సోల్జర్‌గా ఎంపిక కాలేదు. కాల్బలంలో సిపాయిగా మిగిలాడు. నిబెల్‌హైమ్ పని మీద సొంత ఊరికే పంపిస్తే, మాటిచ్చిన పిల్లకి ఆ యూనిఫాంలో మొహం చూపించలేక హెల్మెట్ తియ్యలేదు. లారీలో కడుపు తిప్పి ఒంగిపోయింది తనే. ఫస్ట్ క్లాస్ సోల్జర్ వేరే ఉన్నాడు, స్నేహితుడు జాక్ ఫెయిర్. ఏరిత్ ఎదురుచూసిన కుర్రాడూ అతనే.

ఊరు తగలబడిన రాత్రి రియాక్టర్‌లో జాక్ ఓడి పడిపోయాడు. టీఫా నెత్తుటి మడుగులో ఉంది. అప్పుడు ఆ సిపాయి జాక్ కత్తి అందుకుని సెఫిరోత్‌ని పొడిచాడు. సెఫిరోత్ కత్తి తన రొమ్ములో దిగితే, ఆ కత్తినే పట్టుకుని అతణ్ణి ఎత్తి అగాధంలోకి విసిరేశాడు. మాట నిలబెట్టుకున్నాడు. ఎన్నో యుద్ధాలు గెలిచిన సెఫిరోత్‌ని కూల్చింది ఎంపికలో తప్పిన, లెవెల్ 1 సిపాయి కుర్రాడు! ఆడిన అబద్ధం కన్నా దాచిన నిజమే పెద్దది. సిగ్గుపడ్డవాడికి అది కనపడలేదు. ఇలాంటి దురదృష్టాన్ని ఏమనాలో నాకు తోచదు.

గాయాలతో పడి ఉన్న జాక్‌నీ క్లౌడ్‌నీ హోజో పట్టుకెళ్ళి, బంగళా నేలమాళిగలో గాజు గొట్టాల్లో పెట్టి, మాకోలో నానబెట్టి, జెనోవా కణాలెక్కించాడు. ఏళ్ళు గడిచాయి. జాక్ నిలదొక్కుకున్నాడు, క్లౌడ్ చితికిపోయాడు. తప్పించుకున్న జాక్, మాటా పలుకూ లేని స్నేహితుణ్ణి మోసుకుంటూ మిడ్‌గార్ వైపు నడిచాడు. దారిలో ఒక బండి వెనక కూర్చుని, కిరాయి పనులు చేసుకు బతుకుదామని, నువ్వూ నేనూ కలిసే ఉందామని కబుర్లు చెప్పాడు. మిడ్‌గార్ కనుచూపు మేరలో ఉండగా షిన్రా సిపాయిలు అతణ్ణి కాల్చి చంపారు. మిగిలినవాడు ఆ పెద్ద కత్తి తీసుకుని కొండ దిగాడు. కత్తితో పాటు నడక, మాట తీరు, సోల్జర్ హోదా, ఆఖరికి కిరాయి పని కూడా తెచ్చుకున్నాడు. మనకి అంత నచ్చిన పొగరు చచ్చిపోయిన స్నేహితుడి సొత్తు.

ప్రవాహం నుంచి బయటపడిన క్లౌడ్ అందరి ముందూ నిలబడి, తాను సోల్జర్ కానని ఒప్పుకుంటాడు. తరవాత నవ్వుతాడు కూడా, ప్రయాణంలో తనకీ కడుపు తిప్పుతుందని దాచుకోడు. నిన్ను కలుసుకోవాలనుందన్న ఏరిత్ అప్పటికి నీళ్ళ అడుగున ఉంది. వచ్చినవాణ్ణి ఆమె చూడనేలేదు.

2020లో ‘రీమేక్’, 2024లో ‘రీబర్త్’ వచ్చాయి. ‘రీబర్త్’లో జాక్ పెద్ద పాత్రే, కొత్తగా ఆడేవాళ్ళకి అతని మొహం ముందే తెలుసు. 1997 నాటి ఆటలో అలా కాదు. అతని చావు చూడాలంటే, క్లౌడ్ కోలుకున్నాక పని గట్టుకుని నిబెల్‌హైమ్ బంగళాకి తిరిగి వెళ్ళి, ఆ నేలమాళిగలోకి దిగాలి. అటు వెళ్ళమని కథలో ఎవరూ చెప్పరు. వెళ్ళకుండానే సెఫిరోత్‌ని ఓడించి, చివరి పేర్ల దాకా చూసి, ఆట కట్టేసుకోవచ్చు.