సిలికాన్ ఉపరితలంపై లోహ గుచ్ఛాలు

శూన్యంలో ఉంచిన శుభ్రమైన సిలికాన్ పలక మీదికి లోహపు ఆవిరిని కొద్దికొద్దిగా పంపితే, పరమాణువులు పడ్డచోటే ఉండిపోవు. వేడికి అటూ ఇటూ కదులుతూ, ఒకదాన్నొకటి కలుసుకుని, కొద్దిపాటి పరమాణువుల గుచ్ఛాలుగా స్థిరపడతాయి. వీటి చరిత్రను లోహం కంటే ముందు సిలికాన్ దగ్గరే మొదలుపెట్టాలి.

వేడిచేసి శుభ్రపరిచిన సిలికాన్ (111) తలం, లోపలి స్ఫటికంలో లేని ఒక కొత్త అల్లికలోకి సర్దుకుంటుందని 1959లో అమెరికాకు చెందిన ష్లియర్, ఫార్న్స్‌వర్త్ ఎలక్ట్రాన్ వివర్తనం ద్వారా కనుగొన్నారు. దానికి 7×7 అని పేరు. అందులో ఏ పరమాణువు ఎక్కడుందో పాతికేళ్లదాకా తేలలేదు. జ్యూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో బిన్నిగ్, రోరర్ బృందం స్కానింగ్ టనలింగ్ మైక్రోస్కోపుతో ఆ తలాన్ని తడిమి, రికార్డరు గీసిన గీతలను వరుసగా పేర్చి, ఎత్తుపల్లాల నమూనా తయారుచేసింది. 1983లో అచ్చయిన ఆ బొమ్మలో, అల్లికలో పదేపదే వచ్చే ఒక్కో గడికి 12 పరమాణువులు విడివిడిగా కనిపించాయి. ఉపరితల శాస్త్రంలో ఇంతటి మలుపు మరొకటి లేదనే చెప్పాలి. 1985లో జపాన్‌కు చెందిన తకయనాగి బృందం పూర్తి నిర్మాణాన్ని తేల్చింది: గడికి రెండు త్రికోణ భాగాలు, మూలల్లో గుంటలు. మామూలుగా 49 ఉండాల్సిన తెగిన బంధాలు ఈ సర్దుబాటుతో 19కి తగ్గుతాయి.

గుచ్ఛాల రహస్యం ఆ త్రికోణాల్లోనే ఉంది. లోహ పరమాణువు ఒక త్రికోణం లోపల సులువుగా తిరుగుతుంది. హద్దు దాటి పక్కదానిలోకి వెళ్లడం మాత్రం కష్టం. గడిలోని రెండు త్రికోణాల్లో ఒకదానిలో పొరల వరుస తప్పి ఉంటుంది; ఆ త్రికోణమంటే చాలా లోహాలకు మక్కువ ఎక్కువ. 1999లో థాలియంతో చేసిన ప్రయోగాల్లో పరమాణువులు ఇలా త్రికోణాల్లో చిక్కుకుని చుక్కలుగా మారడం కనిపించింది. 2002లో బీజింగ్ పరిశోధకులు ఇండియంతో మరింత ముందుకు వెళ్లారు. ఒక్కో త్రికోణంలో సరిగ్గా 6 ఇండియం పరమాణువులు కుదురుకుని, ఒకే పరిమాణంలో, ఒకే ఆకారంలో గుచ్ఛాలు తలమంతా బారులు తీరాయి. ఎవరూ చేత్తో అమర్చకుండానే ఇంత క్రమం రావడం ఈ రంగంలో అపురూపమైన ఫలితం.

అన్ని లోహాలూ ఇలా మాట వినవు. బంగారం సిలికాన్‌తో కలిసి దాదాపు 363 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగి బిందువులుగా మారుతుంది. ఆ ద్రవ బిందువుల కిందే సిలికాన్ తీగలను పెంచవచ్చని బెల్ ల్యాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ 1964లోనే చూపించారు.