ఒక వంశం, రెండు పేర్లు: ‘మాక్ గవన్’ అనే ఐరిష్ ఇంటిపేరు - మూలం, రూపభేదాలు

వ్యాససంగ్రహం:
ఐర్లండు ఇంటిపేర్లు గేలిక్ భాష నుంచి ఇంగ్లీషు దస్తావేజులలోకి మారిన క్రమంలో రెండు మార్గాలు కనిపిస్తాయి. ఒకటి ధ్వనిని అనుసరించి రాయడం, రెండోది అర్థాన్ని అనువదించడం. ‘కమ్మరి కొడుకు’ అనే అర్థం గల ‘మాక్ గవన్’ ఈ రెండు మార్గాలలోనూ ప్రయాణించి ఒకచోట ‘మెక్‌గౌవన్’ అయింది, మరొకచోట ‘స్మిత్’ అయింది. ఈ పేరు మూలాన్నీ రూపభేదాలనూ పరిశీలించి, వర్ణక్రమం మాత్రమే ఆధారంగా వంశమూలాన్ని నిర్ణయించడంలోని పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఇంటిపేర్లు, నామవిజ్ఞానం, ఐరిష్ గేలిక్, అర్థానువాదం, కావన్ జిల్లా, మెక్‌గౌవన్, స్మిత్.

1. ఉపోద్ఘాతం

ఒక ప్రాంతపు జనచరిత్రను నిర్మించేవారికి ఇంటిపేరు తొలి ఆధారాలలో ఒకటి. ఐర్లండు ఉత్తరభాగమైన అల్‌స్టర్ విషయంలో ఈ ఆధారానికి మరింత ప్రాధాన్యం ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండు, స్కాట్లండుల నుంచి వలసదారులను తెచ్చి స్థిరపరచిన ప్రాంతం అది. స్థానికులెవరు, వలసదారులెవరు అన్న ప్రశ్న అక్కడి భూమికీ మతానికీ రాజకీయానికీ ముడిపడి ఉంది. ఇంటిపేరు ఇంగ్లీషులో ఉంటే ఇంగ్లీషు వంశం, గేలిక్‌లో ఉంటే గేలిక్ వంశం అన్న సులభమైన సూత్రం ఈ ప్రశ్నకు జవాబిస్తుందని అనిపించవచ్చు. ఆ సూత్రం ఎంతవరకు నిలుస్తుందో తేల్చడానికి కావన్ జిల్లాలోని ‘స్మిత్’ తగిన ఉదాహరణ.

2. ఐరిష్ ఇంటిపేర్ల నిర్మాణం

ఐరోపాలో వంశపారంపర్యమైన ఇంటిపేర్లు తొలుత స్థిరపడిన దేశాలలో ఐర్లండు ఒకటి. 10, 11 శతాబ్దాల నాటికే అక్కడ ఈ పద్ధతి వేళ్లూనుకుంది. 916లో మరణించిన ఓ క్లేరీ వంశపు పాలకుని పేరు వార్షిక వృత్తాంతాలలో నమోదైంది. అటువంటి తొలి ఉదాహరణలలో దానిని పండితులు తరచుగా పేర్కొంటారు.

ఈ పేర్ల నిర్మాణం సరళమైనది. ‘మాక్’ అంటే కొడుకు. ‘ఓ’ అంటే మనుమడు, విస్తృతార్థంలో వంశజుడు. ఆ తర్వాత పూర్వపురుషుని పేరుగాని, అతని వృత్తిగాని షష్ఠీవిభక్తిలో వస్తుంది. తెలుగు ఇంటిపేరు వ్యక్తినామానికి ముందు నిలిచి చాలా సందర్భాలలో ఊరినో ఇంటినో సూచిస్తే, ఐరిష్ ఇంటిపేరు వ్యక్తినామం తర్వాత నిలిచి ప్రధానంగా పితృసంబంధాన్ని సూచిస్తుంది. అది లింగాన్ని బట్టి మారుతుంది కూడా. కొడుకు ‘మాక్ గవన్’ అయితే కూతురు ‘నిక్ గవన్’. ‘ఓ’తో మొదలయ్యే పేర్లలో కూతురి రూపం ‘నీ’తో మొదలవుతుంది. ఇంగ్లీషు దస్తావేజులు ఈ భేదాన్ని పాటించలేదు. తండ్రికీ కూతురికీ ఒకే రూపాన్ని రాశాయి. తర్వాత జరిగిన మార్పులన్నిటికీ ఇది నాంది. వ్యాకరణబద్ధమైన పదబంధంగా ఉన్న పేరు అర్థంతో నిమిత్తం లేని ముద్రగా మారడం ఇక్కడే మొదలైంది.

3. ‘గబ్హ’ - పదమూలం

‘గవన్’ అన్నది కమ్మరి అనే అర్థం గల ఐరిష్ పదానికి షష్ఠీరూపం. దానిని జి, ఎ, బి, హెచ్, ఎ, ఎన్, ఎన్ అనే అక్షరాలతో రాస్తారు. ఐరిష్ లిపిలో ‘బి’ పక్కన ‘హెచ్’ చేరితే ఆ హల్లు శిథిలమై, ఇటువంటి చోట వకారంగా పలుకుతుంది. అందుకే రాతలో ‘గబ్హన్’గా కనిపించేది చెవికి ‘గవన్’ అనో ‘గౌవన్’ అనో వినిపిస్తుంది. ఈ ఇంటిపేరు రూపభేదాలలో చాలావాటికి ఈ ఒక్క ధ్వనిసూత్రమే కారణం.

ఈ పదం కెల్టిక్ భాషా కుటుంబమంతటా వ్యాపించింది. కమ్మరిని వెల్ష్ భాషలో ‘గోవ్’ అంటారు. బ్రిటనీలోని ‘లె గాఫ్’, కార్న్‌వాల్‌లోని ‘ఆంగోవ్’ ఇంటిపేర్లకు మూలం ఈ పదమే. సీజర్ తన గాలిక్ యుద్ధచరిత్రలో పేర్కొన్న వెర్సింజెటొరిక్స్ పినతండ్రి పేరు ‘గోబన్నితియో’. వేల్సులోని అబర్గవెన్నీ పట్టణానికి రోమనుల నాటి పేరు ‘గోబన్నియం’. ఈ రెండింటిలోనూ ఇదే ధాతువు గోచరిస్తుంది. ఐరిష్ పురాణగాథలలోని ‘గోవ్‌నూ’ ఆయుధాలు చేసే కమ్మరి దేవుడు. ప్రాచీన ఐరిష్ ధర్మశాస్త్రాలు కూడా కమ్మరిని నైపుణ్యం వల్ల హోదా పొందిన వృత్తికారులలో చేర్చాయి. కనుక ‘కమ్మరి కొడుకు’ అన్నది ఆ సమాజంలో గౌరవవాచకమే.

వృత్తినామం కావడం వల్ల మరొక ఫలితం కూడా కలిగింది. కమ్మరి లేని ఊరు లేదు కాబట్టి ఈ పేరు ఒకదానితో ఒకటి సంబంధం లేని అనేక చోట్ల స్వతంత్రంగా పుట్టగలిగింది. వీటిలో ప్రసిద్ధమైనది బ్రెఫ్నీ రాజ్యానికి, అంటే నేటి కావన్ ప్రాంతానికి చెందిన వంశం. డౌన్ జిల్లాలోని బాలీగౌవన్ అనే ఊరి పేరులోనూ ఈ పదం నిలిచి ఉంది. జిల్లా పేరైన ‘కావన్’కూ ‘గవన్’కూ ధ్వనిసామ్యమే తప్ప సంబంధం లేదు. ‘కావన్’ అనేది పల్లపుచోటు అనే అర్థం గల వేరొక ఐరిష్ పదం నుంచి వచ్చింది.

4. ధ్వనిని అనుసరించిన రూపాలు

గేలిక్ పేర్లను ఇంగ్లీషులో నమోదు చేసినవారిలో పన్నులు వసూలు చేసేవారు, న్యాయస్థానపు గుమాస్తాలు, భూస్వాముల లెక్కలు రాసేవారు ఉన్నారు. ఐరిష్ భాష రాని గుమాస్తా తన చెవికి వినిపించినదాన్ని తనకు తెలిసిన అక్షరాలలో పెట్టాడు. ఫలితంగా పుట్టిన రూపాలను మూడు రకాలుగా విభజించవచ్చు.

మొదటి రకం పూర్వపదంలోని మార్పులు. ‘మాక్’ ఒకచోట ‘మాక్’గానే నిలిచింది, మరొకచోట ‘మెక్’ అని కుదించుకుపోయింది. ‘మాక్’ చివరి కకారం గకారంగా మారి తర్వాతి గకారంతో కలిసిపోయినప్పుడు ‘మగౌవన్’ ఏర్పడింది.

రెండో రకం ఉత్తరపదంలోని మార్పులు. వకారాన్ని ‘డబ్ల్యు’తో రాసినవారు ‘గౌవన్’ అనీ, దానిని వదిలేసినవారు ‘గోన్’ అనీ రాశారు. చివరి అచ్చు ‘ఎ’ అక్షరంతోనూ ‘ఇ’ అక్షరంతోనూ కనిపిస్తుంది.

మూడో రకం పూర్వపదం పూర్తిగా లోపించడం. ‘మెక్‌గౌవన్’ నుంచి ‘మెక్’ తొలగి ‘గౌవన్’ మిగిలింది. 17, 18 శతాబ్దాలలో ‘ఓ’, ‘మాక్’లను వదిలివేయడం ఐర్లండు అంతటా వ్యాపించిన ధోరణి.

గేలిక్‌లోనే ఉన్న ఒక భేదం ఇంగ్లీషు రూపాలలో మరుగున పడింది. ‘మాక్ గవన్’తో పాటు ‘ఆ కమ్మరి కొడుకు’ అనే అర్థంలో నిర్దేశక పదాన్ని చేర్చిన ‘మాక్ అన్ గవన్’ రూపమూ ఉంది. అక్కడ ‘అన్’ తర్వాత వచ్చే గకారం కూడా శిథిలమవుతుంది. ఇంగ్లీషు లిపిలో ఆ ధ్వనికి అక్షరం లేదు. అందువల్ల రెండు గేలిక్ రూపాలూ ఒకే ‘మెక్‌గౌవన్’లో కలిసిపోయాయి. అంటే లిప్యంతరీకరణ ఒక పేరును పలు రూపాలుగా చీల్చినట్లే, వేర్వేరు పేర్లను ఒకే రూపంలో కలిపింది కూడా.

5. అర్థానువాదం: ‘స్మిత్’

బ్రెఫ్నీ వంశానికి మూలస్థానమైన కావన్‌లో ఈ పేరు ఎక్కువగా ‘స్మిత్’ అని అనువాదమైంది. పొరుగున ఉన్న లీట్రిమ్‌లోనూ, స్లైగో, డొనెగాల్‌లలోనూ ‘మెక్‌గౌవన్’గా నిలిచింది. ఐరిష్ ఇంటిపేర్లపై ప్రామాణిక పరిశోధకుడైన ఎడ్వర్డ్ మెక్‌లైసాట్ ఈ భేదాన్ని స్పష్టంగా గుర్తించాడు.

అనువాదానికి చట్టపరమైన పూర్వరంగం ఉంది. 1366 నాటి కిల్కెన్నీ శాసనాలు ఐర్లండులోని ఇంగ్లీషువారు ఇంగ్లీషు పేర్లనే వాడాలని ఆదేశించాయి. 1465లో చేసిన చట్టం మరింత ముందుకు వెళ్లింది. డబ్లిన్, మీథ్, లౌత్, కిల్డేర్ జిల్లాలలో ఇంగ్లీషువారి మధ్య నివసించే ఐరిష్‌వారు ఇంగ్లీషు ఇంటిపేరు పెట్టుకోవాలని విధించింది. ఆ పేరు ఒక పట్టణానిదో, తెలుపు, నలుపు వంటి రంగుదో, వృత్తిదో, ఉద్యోగానిదో కావచ్చు. వృత్తినామాలకు చట్టమే ఇచ్చిన ఉదాహరణలు స్మిత్, కార్పెంటర్.

అయితే ఈ చట్టం ఒక్కటే కావన్‌లోని మార్పుకు కారణమని చెప్పడం సాధ్యం కాదు. చట్టం పేర్కొన్న నాలుగు జిల్లాలలో కావన్ లేదు. కానీ అది మీథ్‌ను ఆనుకొని ఉంది. 1609 తర్వాత అమలైన అల్‌స్టర్ వలసస్థాపన పథకంలోని ఆరు జిల్లాలలో కావన్ ఒకటి. ఇంగ్లీషులో నడిచే న్యాయస్థానం, కౌలుపత్రం, బడి ఆ ప్రాంత జీవితంలోకి వచ్చాక, ఆ భాషలో సిద్ధంగా ఉన్న ‘స్మిత్’ను స్వీకరించడం సులువైంది.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. ధ్వనిని అనుసరించి రాసే గుమాస్తాకు ఐరిష్ రానక్కరలేదు. అనువదించేవారికి మాత్రం ‘గవన్’ అంటే ఏమిటో తెలిసి ఉండాలి. కాబట్టి పైకి పూర్తిగా ఇంగ్లీషుగా కనిపించే ‘స్మిత్’ ఆ పేరు మారిన క్షణంలో గేలిక్ అర్థం ఇంకా సజీవంగా ఉందనడానికి సాక్ష్యం. గేలిక్‌గా కనిపించే ‘మెక్‌గౌవన్’ అటువంటి సాక్ష్యం ఇవ్వదు. అనువాదం అర్థాన్ని నిలిపి ధ్వనిని పోగొట్టింది. లిప్యంతరీకరణ ధ్వనిని నిలిపి అర్థాన్ని పోగొట్టింది.

అనువాదం అన్నివేళలా సరిగా జరగలేదు. ‘వడ్రంగి కొడుకు’ అనే అర్థం గల ‘మాక్ అన్ టీర్’ కొన్నిచోట్ల ‘కార్పెంటర్’ అయింది, మరికొన్నిచోట్ల ‘ఫ్రీమన్’ అయింది. మూలంలోని ‘సీర్’ పదానికి శిల్పకారుడు అనే అర్థంతో పాటు స్వతంత్రుడు అనే అర్థమూ ఉండటం దీనికి కారణం. ‘స్మిత్’ విషయంలో అర్థం సరిగానే అనువాదమైంది. అందుకే అది ఇంగ్లండు నుంచి వచ్చిన ‘స్మిత్’లలో ఆనవాలు దొరకకుండా కలిసిపోయింది.

6. దస్తావేజుల సాక్ష్యం

ఐర్లండులో అందరి జనన, మరణ, వివాహాల నమోదు 1864లో మొదలైంది. ఒకే కుటుంబం వేర్వేరు సందర్భాలలో వేర్వేరు ఇంటిపేర్లతో నమోదు కావడం అధికారులకు సమస్య అయింది. రిజిస్ట్రారు జనరల్ కార్యాలయానికి చెందిన రాబర్ట్ మాథెసన్ ఇటువంటి పర్యాయనామాల జాబితాను 1890లో ప్రచురించాడు. నమోదు అధికారులకూ సూచికలలో వెతుక్కునే ప్రజలకూ మార్గదర్శకంగా దానిని ఉద్దేశించాడు. అందులో మెక్‌గౌవన్, స్మిత్ పర్యాయాలు. 1890 నాటి జననాల ఆధారంగా 1894లో ఆయన వెలువరించిన ప్రత్యేక నివేదికలో ఐర్లండులో అత్యధికంగా ఉన్న ఇంటిపేర్లు వరుసగా మర్ఫీ, కెల్లీ, సల్లివన్, వాల్ష్, స్మిత్. ఐదో స్థానంలోని ‘స్మిత్’ అంకెను ఇంగ్లీషు మూలం గల జనసంఖ్యగా చదివితే ఎంతటి దోషం జరుగుతుందో ఊహించవచ్చు. అనేకులైన స్థానికులు తమ నేలమీదే వలసదారుల లెక్కలో చేరిపోతారు.

ఆధునిక అన్వేషణ సాధనాలూ ఈ దోషాన్ని తొలగించలేవు. 20వ శతాబ్దారంభంలో అమెరికాలో రూపొందిన ‘సౌండెక్స్’ పద్ధతి ఇంటిపేరును తొలి అక్షరం, మూడు అంకెల సంకేతంగా మారుస్తుంది. ‘ఐ’తో రాసిన స్మిత్‌కూ ‘వై’తో రాసిన స్మిత్‌కూ అది ఎస్-530 అనే ఒకే సంకేతం ఇస్తుంది. మెక్‌గౌవన్‌కూ మగౌవన్‌కూ ఎం-250 వస్తుంది. పూర్వపదం లోపించిన గౌవన్‌కు జి-500 వస్తుంది. ధ్వనిసామ్యం గల రూపాలను ఈ పద్ధతి చాలావరకు ఒకచోట చేరుస్తుంది. స్మిత్‌నూ మెక్‌గౌవన్‌నూ మాత్రం అది ఎన్నటికీ కలపలేదు, ఎందుకంటే వాటి మధ్య ఉన్నది అర్థసంబంధం. దానిని పట్టుకోవాలంటే స్థలం తెలియాలి, మతం తెలియాలి, ఆ ఊరి భాషాచరిత్ర తెలియాలి.

మూలపత్రాల నష్టం ఈ పనిని ఇంకా కష్టతరం చేసింది. 1922లో డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డు కార్యాలయం దగ్ధమైనప్పుడు 19వ శతాబ్దపు తొలి జనగణన పత్రాలలో అధికభాగం నశించాయి. 1821 జనగణనలో కావన్‌కు సంబంధించిన కొంతభాగం మిగలడం విశేషం. సంపూర్ణంగా లభించే తొలి జనగణనలు 1901, 1911 నాటివి. వాటిలో కొన్ని కుటుంబాలు తమ వివరాలను ఐరిష్ భాషలో నింపాయి. తరతరాలుగా ఇంగ్లీషులో నమోదైన కుటుంబాలు అక్కడ గేలిక్ రూపంలో మళ్లీ కనిపిస్తాయి.

7. పునరుద్ధరణ: ఇద్దరు సోదరులు

1892లో డగ్లస్ హైడ్ చేసిన ప్రసిద్ధ ప్రసంగం ఐరిష్‌వారు తమ పేర్లలోని ‘ఓ’, ‘మాక్’లను వదులుకోవడాన్ని తీవ్రంగా విమర్శించింది. మరుసటి ఏడు గేలిక్ లీగ్ ఏర్పడింది. ఆ ప్రభావంతో పలువురు తమ పేర్లను గేలిక్ రూపానికి మార్చుకున్నారు. ‘లైసాట్’గా పుట్టి ‘మెక్‌లైసాట్’గా మారిన పరిశోధకుడే అందుకు ఒక నిదర్శనం.

‘స్మిత్’ విషయంలో ఆసక్తికరమైన ఉదాహరణ కావన్ జిల్లాలోని కూట్‌హిల్‌కు చెందిన డోర్మన్-స్మిత్ సోదరులది. అన్న ఎరిక్ బ్రిటిష్ సైన్యంలో జనరల్ స్థాయి అధికారి. 1942లో ఉత్తర ఆఫ్రికా రంగంలో పనిచేశాడు. యుద్ధానంతరం స్వస్థలానికి తిరిగివచ్చి 1949లో తన పేరును ‘డోర్మన్ ఓగౌవన్’గా మార్చుకున్నాడు. తమ్ముడు రెజినాల్డ్ ‘డోర్మన్-స్మిత్’గానే నిలిచాడు. 1941లో బర్మా గవర్నరైన ఈయన పేరు తెలుగువారి వలసచరిత్రలోనూ తారసపడుతుంది. 1942లో జపాన్ దాడితో రంగూన్ నుంచి వేలాది తెలుగు కూలీలు కాలినడకన తరలివచ్చినప్పుడు అక్కడి గవర్నరు ఆయనే.

ఒకే తల్లిదండ్రుల బిడ్డలు రెండు ఇంటిపేర్లతో చరిత్రలో నిలిచారు. పైగా ఎరిక్ ఎంచుకున్నది ‘మాక్’ రూపం కాదు, ‘ఓ’ రూపం. బ్రెఫ్నీ వంశానికి పండితులు చెప్పే రూపం ‘మాక్ గవన్’. అనువాదమైన పేరు మూలంలో ‘మాక్’ ఉందో ‘ఓ’ ఉందో చెప్పదు కాబట్టి, దానిని తిరగదోడేవారు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. పునరుద్ధరణ కూడా ఒక వ్యాఖ్యానమే.

8. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేటపడుతున్నాయి.

1. ‘మాక్ గవన్’ వృత్తినామం. పలుచోట్ల స్వతంత్రంగా పుట్టింది కాబట్టి ఈ పేరు గలవారందరూ ఒకే మూలపురుషుని సంతతి అనలేము.
2. ధ్వనిని అనుసరించిన రూపాలను వర్ణక్రమం ద్వారా గుర్తించవచ్చు. అర్థానువాదాన్ని ఆ విధంగా గుర్తించడం అసాధ్యం.
3. అల్‌స్టర్‌లో ‘స్మిత్’ అన్న పేరు ఇంగ్లీషు వలసదారునిది కావచ్చు, స్కాటిష్ కుటుంబానిది కావచ్చు, గేలిక్ స్థానికునిది కావచ్చు. కావన్‌లో మూడో అవకాశాన్ని ముందుగా పరిశీలించాలి.
4. దస్తావేజులోని ఇంటిపేరు వంశాన్ని గురించి చెప్పేదానికన్నా, దానిని రాసినవారి భాషను గురించీ, రాయించిన అధికారాన్ని గురించీ ఎక్కువగా చెబుతుంది.

పేర్ల ఆధారంగా జనమూలాలను లెక్కించే పరిశోధకులు ముందుగా ఆ పేరు ఏ భాషలో పలికి, ఏ భాషలో రాసినదో తేల్చుకోవాలి. ఆ తర్వాతనే ఆ లెక్కకు విలువ.