ఖైదీ కూడు, కూలివాని కూడు

పేదరికమును గూర్చి వగచువారు మన దేశమున ఏ కాలమందును కొదువలేదు. దానిని లెక్కకట్టి చూపినవారు మాత్రము అరుదు. అట్టివారిలో దాదాభాయి నౌరోజీ ముందువరుసలోనివాడు. 1876లో బొంబాయియందు చదివిన “భారతదేశ దారిద్ర్యము” అను వ్యాసమున ఆయన సర్కారువారి లెక్కలనే త్రవ్వి, నాటి బ్రిటిషు ఇండియాలో పుట్టు సంపద యంతయు తలకు ఏటికి 20 రూపాయలని తేల్చెను. అంతటితో ఊరకుండక, మనుష్యుడు బ్రతుకుటకు ఎంత కావలెనో తెలియుటకై చెఱసాలల పద్దులు విప్పెను. ఇందలి నేర్పును పాఠకులు గమనింతురు గాక! ఖైదీకి పెట్టు కూటిలో విలాసమున్నదని ఏ దొరయు అనజాలడు. మదరాసు రాజధానిలో తలసరి ఉత్పత్తి 18 రూపాయలు. ఖైదీ కూటికిని గుడ్డకును అగు వ్యయము 53 రూపాయల పైచిలుకు.

ఈ లెక్కను నేనొకమారు తరగతిలో నల్లబల్లపై వ్రాసితిని. వెనుక బల్లమీది పిల్లవాడొకడు “అయితే దొంగతనము చేసి జైలుకు పోవుటయే మేలు గదండీ!” అనెను. పిల్లలందఱు నవ్విరి. నేను మాత్రము ధాత కరువు తలపునకు వచ్చి నవ్వలేకపోతిని.

ఆ కరువును 1876లోనే మొదలయ్యెను. బళ్లారి, కడప, కర్నూలు సీమలలో వానలు తప్పెను. కరువనగా ధాన్యము లేకుండుట మాత్రమే కాదు. పొలము ఎండినచో కూలివానికి పని లేదు. పని లేనిచో అంగడిలో బియ్యమున్నను వానికి లేనట్లే. మదరాసు రేవున ఓడలనుండి ధాన్యము దిగుచుండగనే పల్లెలలో జనము ఆకలిచే మడిసిరి.

సర్కారువారు కరువు పనులు పెట్టిరి. ఆ పనులకు కూలి ఎంత? 1877 ఆరంభమున ఇండియా ప్రభుత్వము తన ప్రతినిధిగా సర్ రిచర్డు టెంపిలును పంపెను. 1873–74లో బీహారు కరువునందు బర్మా బియ్యము తెప్పించి జనమును కాచి, దుబారా చేసెనని మాటపడినవాడితడే. ఆ మాటయే ఇతని చేతిని బిగించినది కాబోలు! మగవాని దినకూలి ఒక పౌను ధాన్యపు వెల, దానిపై కొంచెము పైకము అని నిర్ణయమయ్యెను. పౌననగా మన వీశెలో మూడవవంతునకు లోపు. మట్టితట్ట మోయు దేహము ఈ తిండితో నిలువదని మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు ఎదురాడెను. కాగితములపై వాదము సాగినంతకాలమును కూలివాడు ఆ పౌనుతోనే తట్ట మోసెను. కొన్ని నెలల పిమ్మట గాని మదరాసు ప్రభుత్వము కూలి పెంచలేదు. బొంబాయి రాజధానిలో కూలివారు ఏ వైద్యుని వాదమునకును కాచియుండక, వేలకొలదిగా పనులు విడిచిపోయిరి. పూనా సార్వజనిక సభ వారి పక్షము వహించెను.

నూఱేండ్లు గడచిన పిమ్మట, 1979లో, ప్రణాళికా సంఘపు నిపుణులు దారిద్ర్యరేఖను గీయుచు దినమునకు పల్లెవానికి 2400, పట్టణవాసికి 2100 క్యాలరీలు కావలెననిరి. పల్లెవానికి ఆ 300 ఎక్కువ యేల? వాడు ఒళ్లు వంచి ఎక్కువ కష్టించును గనుక. కార్నిషు టెంపిలుతో చెప్పినదియు అదియే.