నేల చెప్పింది, చట్టం తేల్చింది: నెల్లూరు సీమలో వేట రైఫిల్ ఎంపిక

వేట రైఫిల్ ఎంచుకునేవాళ్లు ముందుగా జంతువు గురించి అడుగుతారు. దాని ఒళ్లెంత, ఎంత దూరం నుంచి కొట్టాలి, తూటా బరువెంత ఉండాలి అని లెక్కలు వేస్తారు. నెల్లూరు సీమ చరిత్ర తిరగేస్తే వీటన్నిటికంటే ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. నేల దేన్ని ఒప్పుకుంటుంది? చట్టం దేన్ని ఉంచుకోనిస్తుంది?

తూర్పున పులికాట్ సరస్సు, శ్రీహరికోట, ఉప్పునేలలు. పడమట వెలికొండలు. మధ్యలో వరిపొలాలు. ఈ చదును నేల మీద రైఫిల్ తూటాకు అడ్డేమీ ఉండదు. గురి తప్పితే కిలోమీటరు అవతల వల వేసుకుంటున్న మనిషి ప్రాణమైనా తీస్తుంది. అందుకే తీరంలో నీటిపక్షుల వేటకు గుళ్లు చల్లే షాట్‌గన్నే తగిన ఆయుధం. దాని దెబ్బ 40 గజాలు దాటితే పలచబడుతుంది. ఇక్కడి గిరిజనులైన యానాదులకైతే తుపాకీతోనే పని లేదు. పొలంలో ఎలుక కన్నం దగ్గర పొగపెట్టి పట్టే నేర్పు వాళ్లది. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన పక్షి శాస్త్రవేత్త జెర్డన్ కూడా ఇక్కడి ప్రాణుల గురించి యానాదుల దగ్గర నేర్చుకున్నాడు.

ఆ దశాబ్దంలోనే ఐరోపాలో తుపాకి స్వరూపం మారింది. 1841లో ప్రష్యా సైన్యం డ్రైజె రైఫిల్‌ను తీసుకుంది. గొట్టం మూతి నుంచి మందు కూరే పని తప్పి, వెనకవైపు బోల్ట్ వచ్చింది. జర్మనీలో మౌజర్ 1871లో ఒక నమూనా, 1898లో దానికంటే ఎంతో మెరుగైన మరొకటి తెచ్చాడు. బ్రిటన్ 1895లో లీ-ఎన్‌ఫీల్డ్‌ను చేపట్టింది. బోల్ట్ పిడి పైకి తిప్పి వెనక్కి లాగితే ఖాళీ తూటా బయటపడుతుంది. ముందుకు నెట్టి కిందికి తిప్పితే కొత్త తూటా గొట్టంలో బిగుసుకుంటుంది. ఈ బోల్ట్ రైఫిల్ రెండు గొట్టాల రైఫిల్ కంటే చౌక, గురి స్థిరం. వేటగాళ్లు దీన్ని ఇష్టపడటానికి ఇవే కారణాలు. మద్రాసులో పి. ఆర్ అండ్ సన్స్ వంటి దుకాణాలు గడియారాలతో పాటు తుపాకులూ అమ్మేవి.

అయితే కొనేవాడి చేతులు చట్టం కట్టేసింది. 1857 తిరుగుబాటు భయం పాలకులను వదల్లేదు. 1878 ఆయుధాల చట్టం లైసెన్సును తప్పనిసరి చేసింది. సైన్యం వాడే తూటా బయటివారి తుపాకీలో పట్టకూడదన్నది ప్రభుత్వ పట్టుదల. అందుకే 1907లో .450 రైఫిళ్ల దిగుమతిని ఆపేశారు. సైన్యపు .303ను కూడా ప్రజలకు దూరంగా ఉంచారు. దాంతో కంపెనీలు దారి వెతికాయి. ఆస్ట్రియా వారి 8 మిల్లీమీటర్ల మాన్లికర్ తూటాను .315 పేరుతో తీసుకుని, లీ-ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిళ్లను దానికి తగ్గట్టు చేసి ఇండియాకు పంపాయి. స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఆ .315నే కొనసాగించింది. 1959 ఆయుధాల చట్టం కింద నిషేధం లేని బోరు (గొట్టం కొలత) కావడంతో లైసెన్సుదారుకు అందుబాటులో ఉన్న బోల్ట్ రైఫిల్ ముఖ్యంగా అదే అయింది. మంచిచెడ్డలు బేరీజు వేసుకుని ఎంచుకున్నది కాదది, మిగిలినది. బొలారంలో పుట్టిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ మాత్రం .405 విన్‌చెస్టర్‌నే నమ్ముకున్నాడు. అది బోల్ట్ కాదు, లీవర్ రైఫిల్.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1976లో పులికాట్, నేలపట్టు పక్షి రక్షిత ప్రాంతాలయ్యాయి. 1991 సవరణతో సరదా వేటకు దారి పూర్తిగా మూసుకుపోయింది. మనిషి ప్రాణానికి ముప్పు వంటి సందర్భాల్లో అధికారుల అనుమతితో తప్ప వన్యప్రాణి మీద తుపాకి ఎత్తకూడదు. 2019 సవరణ ఒక్కొక్కరి దగ్గర ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది.

ఈ ముగింపు న్యాయమైనదని నా గట్టి నమ్మకం. రాజహంసలు దిగే నీటి మీద రైఫిల్ మోత అవసరం లేదు. అయితే అడవిపందులు వేరుశనగ చేను తవ్విపోసిన రైతు బాధ నిజమైనది. అతన్ని వదిలేస్తే కరెంటు తీగల వైపు మొగ్గుతాడు, అవి మనుషులనూ చంపుతాయి. చట్టం తుపాకీని పక్కన పెట్టించింది కనుక, సకాలంలో పరిహారం, గట్టి కంచె ఇప్పించే బాధ్యత కూడా ప్రభుత్వానిదే.