బ్యాంకు స్టేట్‌మెంట్ దిగుమతి

బ్యాంకు ఖాతా లావాదేవీలను ఫైలుగా డౌన్‌లోడ్ చేసుకుని, ఇంటి జమాఖర్చుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పద్ధతి. పెద్దపల్లి జిల్లా రామగుండం, గోదావరిఖనిలోని సింగరేణి బొగ్గు గనుల కార్మిక కుటుంబాలకు ఇది ఎంతో ఉపయోగకరం. నెల జీతం, ఏటా వచ్చే లాభాల వాటా, దీపావళి బోనస్, రుణ వాయిదాలు, యూపీఐ చెల్లింపులు అన్నీ ఒకేచోట లెక్కకు వస్తాయి.

ఫైలు రకాలు: పీడీఎఫ్ చదువుకోవడానికి, ముద్రణకు అనువైనది. దిగుమతికి సీఎస్‌వీ (విలువలను కామాలతో వేరుచేసే పట్టిక ఫైలు) మేలు. 1997లో వచ్చిన ఓఎఫ్‌ఎక్స్ అనే ఆర్థిక లావాదేవీల ఫైలు రకంలో ప్రతి లావాదేవీకీ విడి గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందువల్ల ఒకే పద్దు రెండుసార్లు పడకుండా సాఫ్ట్‌వేర్ పసిగడుతుంది. ఉచితంగా దొరికే గ్నూక్యాష్ సాఫ్ట్‌వేర్ సీఎస్‌వీ, ఓఎఫ్‌ఎక్స్ రెండింటినీ తీసుకుంటుంది.

విధానం: తేదీ, వివరం, డెబిట్, క్రెడిట్, నిల్వ అనే గడులను సాఫ్ట్‌వేర్‌లోని గడులతో జతపరచాలి. తేదీలో రోజు ముందు, నెల తర్వాత అని ఎంచుకోకపోతే 05/10 అనేది అక్టోబరు 5కు బదులు మే 10గా నమోదు కావచ్చు. చివరి నిల్వ స్టేట్‌మెంట్‌తో సరిపోయిందో లేదో తప్పక చూసుకోవాలి.

భద్రత: రిజర్వు బ్యాంకు 2016లో నిబంధనలు జారీ చేసిన అకౌంట్ అగ్రిగేటర్ల (ఖాతా వివరాలను చేరవేసే సంస్థల) ద్వారా, ఖాతాదారు సమ్మతితో వివరాలు పంచుకోవచ్చు. నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌ను మాత్రం ఏ లెక్కల యాప్‌కూ ఇవ్వకూడదు.