సూదికి చూపొచ్చిన కథ

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్లలో కామెర్లు వస్తే ఇప్పటికీ చాలామంది ముందు పసరు మందుకే వెళ్తారు, ఆ తర్వాతే స్కానింగుకు. క్లోమంలో గడ్డ ఉందని తేలితే విజయవాడకో హైదరాబాదుకో హైవే ఎక్కాల్సిందే. నోట్లోంచి గొట్టం వేసి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో ముక్క తీయాలని అక్కడి డాక్టరు చెబుతాడు. ఇదేదో నిన్నమొన్న పుట్టిన వింతలా అనిపిస్తుంది గానీ సూదీ పాతదే, అల్ట్రాసౌండూ పాతదే. సూది మొన ఎక్కడుందో కంటికి కనబడటమే ఇందులో కొత్త. ఈ పరీక్ష విలువంతా అక్కడే ఉంది.

గడ్డలోకి సూది దించి కణాలు లాగి చూడటం 1930లోనే న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రిలో మార్టిన్, ఎల్లిస్ చేసి చూపారు. చేతికి తగిలే గడ్డలకు అది చాలు. 1949లో అర్జెంటీనా వైద్యుడు షియెపాటి శ్వాసనాళం గోడలోంచి అవతలి లింఫు గ్రంథిని గుచ్చాడు, అదీ చూడకుండా, కేవలం శరీర నిర్మాణం మీది పట్టుతో. 1972లో కోపెన్‌హాగెన్‌లో హోమ్ బృందం పొట్ట మీద అల్ట్రాసౌండ్ పెట్టి సూదిని నడిపింది. కాలేయానికి ఆ పద్ధతి బాగా కుదిరింది. క్లోమం మాత్రం జీర్ణాశయం వెనక నక్కి ఉంటుంది, ముందున్న గాలి ధ్వని తరంగాలను సాగనివ్వదు. ఊపిరితిత్తుల సంగతి చెప్పనే అక్కర్లేదు, నిండా గాలే. అందుకే 1980లో అమెరికాలో డిమాగ్నో బృందం, జర్మనీ, జపాన్ వైద్యులు అల్ట్రాసౌండ్‌నే ఎండోస్కోపు కొనకు అమర్చి లోపలికి పంపారు. దగ్గరికి వెళ్లాక చిన్న గడ్డలూ తేటగా కనిపించాయి, కానీ వాటిని గుచ్చడం కుదరలేదు. ఆ పరికరం గొట్టానికి అడ్డంగా కోసినట్టున్న బొమ్మ చూపేది. గొట్టం పొడవునా వచ్చే సూది ఆ బొమ్మలో ఒక చుక్కగా తప్ప కనబడదు. పక్కనే పెద్ద రక్తనాళాలుండగా మొన లోతు తెలియకుండా ఎవరు గుచ్చుతారు? గొట్టం వెంబడి బొమ్మ చూపే వంపు ప్రోబ్ వచ్చాకే ఆ చిక్కు విడింది. 1992లో డెన్మార్క్‌లోని గెంటోఫ్టె ఆసుపత్రి నుంచి పీటర్ విల్‌మన్ బృందం క్లోమం గడ్డను ఇలా పరీక్షించినట్టు ప్రకటించింది. శ్వాసనాళంలోంచి ఇదే పని చేసిన ఫలితాలను 2004లో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయం వైద్యుడు యాసుఫుకు బృందం వెల్లడించింది.

సూది తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న భయం మన దగ్గర గట్టిది. అది ఉత్త పుకారేమీ కాదు. క్లోమం తోక వైపు గడ్డల్లో, సూది వెళ్లిన దారిలో కణితి మొలిచిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అయితే అవి అరుదు. ఆపరేషన్‌కు వీలైన గడ్డ అని స్కాన్ స్పష్టంగా చెబితే చాలాసార్లు సూది లేకుండానే సర్జన్ ముందుకెళ్తాడు. కీమోథెరపీకి మాత్రం రుజువు కావాలి. సీటీ స్కాన్ చాలదా అంటే, ఛాతీ మధ్య ఉబ్బిన గ్రంథి టీబీలోనూ క్యాన్సర్‌లోనూ ఒకేలా కనబడొచ్చు. టీబీ ఇంతగా ఉన్న దేశంలో ఊహ మీద మందులు మొదలుపెట్టడం రెండు వైపులా ప్రమాదమే. ఐరోపాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద జరిగి 2010లో వెలువడిన ఆస్టర్ అధ్యయనంలో, ముందు ఈ సూది పరీక్ష చేసినవారిలో అనవసరంగా ఛాతీ కోయాల్సి వచ్చింది 7 శాతానికే. నేరుగా సర్జరీ పద్ధతిలో గ్రంథుల్ని పరీక్షించినవారిలో అది 18 శాతం.

చూపున్నంత మాత్రాన సూది తప్పు చేయదని కాదు. కణాలు చాలకపోతే రిపోర్టు నెగెటివ్ వస్తుంది, దానర్థం జబ్బు లేదని కాదు. ఇంకో మాట, మెడ మీద గడ్డ చేతికి తగులుతుంటే ముందు అక్కడ మామూలు సూది పరీక్ష చేయించడమే తెలివి. దానికి గొట్టం అక్కర్లేదు, చాలాసార్లు మహానగరమూ అక్కర్లేదు. ఎక్కడ చేయించినా రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకండి. స్లైడ్లు, బ్లాకులు అడిగి తీసుకుని, రెండో డాక్టరు దగ్గరికి వాటిని కూడా పట్టుకెళ్లండి.