తుండుగుడ్డలో చుట్టి తెచ్చిన బడి

వజ్రోత్సవ సంచికకు బడి చరిత్ర రాసిమ్మని కమిటీ పెద్దలు అడిగారు. నా వంతు వచ్చినందుకు సంతోషం. ముంపు ఊళ్లో ఆరో తరగతిలో చేరి, ఈ మెట్ట మీద పది పాసైనవాణ్ణి.

1959లో జిల్లా పరిషత్తులు ఏర్పడిన కొత్తల్లో కృష్ణ ఒడ్డు పల్లెకు హైస్కూలు రావడం మామూలు సంగతి కాదు. మన పెద్దలు ఊరి నడుమ మిద్దె ఇచ్చి, చందాలెత్తి గదులు కట్టించి తెచ్చుకున్నారు. 1963 జూలైలో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు పునాదిరాయి వేశారు. నీళ్లు ఇంత దూరం వస్తాయంటే ఊళ్లో చాలాకాలం ఎవరూ నమ్మలేదు.

1981లో నమ్మక తప్పలేదు. ఇళ్లు ఖాళీ చేయించి కూల్చేస్తున్నారు. ఆ వారమంతా మా హెడ్‌మాస్టర్ సారు బడిలోనే పడుకున్నారు. తన పేరు ఎక్కడా రాయొద్దని బతికుండగానే మాట తీసుకున్నారు గనక రాయను. వడ్లాయనను పిలిచి తలుపులు, కిటికీలు ఊడదీయించారు. బల్లలు, నల్లబల్ల, గంటగా కొట్టే రైలుపట్టా ముక్క ఎద్దులబండ్లకెక్కించారు. అడ్మిషన్ రిజిస్టరును మాత్రం బండిలో వేయనివ్వలేదు. తుండుగుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని నడిచారు. "మీరు పుట్టిన తేదీ, ఊరు ఇందులోనే ఉండాయిరా. ఇది పోతే మనకు ఊరే లేదంటారు" అన్నారు. మాకప్పుడు అర్థం కాలేదు.

ఇక్కడికొస్తే రాళ్లు, తుమ్మచెట్లు. మొదట చెట్టు కింద, తర్వాత బోదకొట్టాల్లో చదువు. వానొస్తే పుస్తకాలు కడుపు కింద పెట్టుకుని వంగి కూర్చునేవాళ్లం. పరిహారం డబ్బులో తలా కొంత తీసిచ్చినవాళ్లు, బండలు తోలినవాళ్లు, కూలి అడగకుండా గోడలెత్తిన బేల్దార్లు, నీళ్లు మోసిన అమ్మలు, గుడి కోసం దాచిన సొమ్ము బడికిచ్చిన భజన బృందం, రాత్రుళ్లు కాపలా కాసిన అటెండరు తాత, జీతంలోంచి సున్నం కొనిచ్చిన అయ్యవార్లు... ఎవరిని మరిచినా తప్పే. సొమ్మిచ్చినవారి పేర్లు చివరి పుటల్లో ఉన్నాయి. చేతులిచ్చినవారికి ఇక్కడే దండం పెడుతున్నాను.

తర్వాత గదులు పెరిగాయి, ప్రహరీ లేచింది, ఇంగ్లీషు మీడియం వచ్చింది. అక్కచెల్లెళ్లు పది దాటి చదివారు. ఇక్కడి పిల్లలు టీచర్లయ్యారు, నర్సులయ్యారు.

ఒక్కమాట రాయకుండా ఉండలేను. ఇంటికో ఉద్యోగమని 1986లో జీవో 98 వచ్చినప్పుడు మా బ్యాచంతా ఈ బడికే పరుగెత్తాం, ముంపు ఊరివాళ్లమని చూపే కాగితం కోసం. సారు ఒక్కొక్కరి వరస వెతికి, నకలు రాసి, సంతకం చేసిచ్చారు. కొందరికి ఉద్యోగాలొచ్చాయి. చాలామంది వయసు ఆ కాగితాలు పట్టుకుని తిరగడంతోనే గడిచిపోయింది. మా నీళ్లతో ఎక్కడెక్కడో దీపాలు వెలిగాయి. మా పక్కబెంచీవాడు ఇంకా అర్జీలు పెడుతూనే ఉన్నాడు.

ఆ రిజిస్టరు ఇప్పుడు ఆఫీసుగది బీరువాలో ఉంది. ఈ వ్యాసం కోసం తెరిచి చూశాను. అట్ట వదులైంది, అంచులు చెమ్మకు గోధుమరంగు తిరిగాయి. నా పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ, వాటికెదురుగా నీళ్లకింద ఉన్న మా ఊరి పేరు, అన్నీ సారు దస్తూరీలోనే ఉన్నాయి.